పడవ ముక్కున పేరు

పడవ ముక్కు మీద ఒతెగెన్ భార్య పేరు ఉండేది. కోడలు దాన్ని గీకేసింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

పొద్దున్నే ఒడ్డుకు వెళ్లి తన కళ్లతోనే చూశాడు. దిమ్మల మీద నిలబెట్టిన పడవ ముక్కుకు నిన్నటిదాకా రెండు పక్కలా 'రాబిగా' అని తెల్ల అక్షరాలు ఉన్నాయి. ఎండకు పెచ్చులు లేచి సగం సగమే కనిపిస్తున్నా, పేరు పేరే. ఇవాళ అక్కడ ఉత్త చెక్క ఉంది. దాని మీద రంగుకు ముందు వేసే అస్తరు కూడా పలచగా పూసేశారు. కింద ఇసుకలో తెల్ల పెచ్చులు చేప పొలుసుల్లా రాలి ఉంటే ఒక కోడి వాటిని పొడిచి చూసి వదిలేస్తోంది. ఒతెగెన్ వంగి ఒక పెచ్చు తీశాడు. ఏ అక్షరంలోదో తెలియలేదు. గీకిన తీరు మాత్రం చూడగానే తెలిసింది. చెక్కలోని పోగుల బారునే పోయింది ప్రతి గీతా. అంత నీటుగా గీకడం కొడుకు వల్ల కాదు.

రాబిగా పోయి మూడు చలికాలాలైంది. అప్పటినుంచి పడవ రెల్లు దుబ్బుల పక్కన బోర్లా పడి ఉంది. కోళ్లు దాని కింద చేరి గుడ్లు పెట్టేవి. పలకలు ఎండి, సందుల్లో నార ఊడి వేలాడేది. బల్ఖాష్ సరస్సు గాలికి ఆ నార ఊగుతుంటే ఒతెగెన్ అటు చూడకుండా పోయేవాడు. ఈ వసంతంలో కొడుకు దౌలెత్ రాగి గనిలో పని మానేసి ఇంటికొచ్చాడు. చేపల వేటకు పోతానన్నాడు, పడవ బాగుచేసుకుంటానన్నాడు. చేసుకో అన్నాడు ఒతెగెన్. తను మాత్రం బ్రష్షు ముట్టనన్నాడు. ముట్టలేదు కూడా. రోజూ వచ్చి తిరగేసిన బకెట్ మీద కూర్చుని, వాళ్లు చేసే ప్రతి పనీ తప్పని చెప్పడమే అతని పని.

తప్పులకేం కొదవ లేదు. దౌలెత్ పాత రంగును పోగుకు ఎదురు గీకి చెక్కంతా గరుకు చేశాడు. తారును మరగనివ్వకుండానే దించాడు. సందుల్లో నార కూరేటప్పుడైతే, గోడకు మేకు దింపుతున్నట్టు సుత్తితో బాదాడు.

"ఎండిన చెక్కరా అది. నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఇప్పుడే ఇంత బిగిస్తే ఆ పలకలు రేపు ఎక్కడికి జరుగుతాయి, నీ నెత్తి మీదికా?"

దౌలెత్ కొట్టిందంతా మళ్లీ పీకాడు. పీకిన నారలో కోడి గుడ్డు పెట్టింది.

రంగు దగ్గర మరో రగడ అయింది. పడవ ఎప్పుడూ ఆకుపచ్చ. వీళ్లు నీలం తెచ్చారు. కొట్లో ఆకుపచ్చ లేదని కొడుకు చెప్తే, వచ్చేదాకా ఆగాలన్నాడు. చేపలు గుడ్లు పెట్టే కాలం అయిపోవస్తోంది, వేట నిషేధం ఎత్తేశాక మొదటి వేటకు పడవ నీళ్ల మీద లేకపోతే ఇన్నాళ్ల చాకిరీ దేనికని దౌలెత్ అడిగాడు. నీలం పడవలు మునుగుతాయని అన్నాడు ఒతెగెన్. అది ఎవరూ ఎప్పుడూ వినని మాట.

కోడలు జదిరాతో అతను నేరుగా ఏమీ అనేవాడు కాదు. ఆమె తలకు గుడ్డ బిగించి, పగుళ్లలో లప్పం నింపుతూ పక్కనే ఉండేది. ఆమెకు తగలాల్సిన మాట కొడుక్కి చెప్పేవాడు. లప్పం అంత మందంగా పెట్టేది గోడలకని మీ ఆవిడతో చెప్పు. బ్రష్షు అట్లా ఆరబెడితే చీపురవుతుందని చెప్పు. జదిరా వినేది, మార్చుకునేది. అతని ముందు తలెత్తి మాట్లాడటం పెళ్లయిన పన్నెండేళ్లలో ఎన్నడూ లేదు.

ఆ పొద్దు ఒతెగెన్ ఒడ్డు నుంచి నేరుగా కొడుకు ఇంటికి పోయాడు. మధ్యలో రెల్లు కంచె ఒక్కటే అడ్డు. రాబిగా పోయాక టీ, తిండి అక్కడే. మనవలు అప్పటికే బడికి పోయారు. బల్ల మీద బౌర్సాకులు, నూనెలో పొంగించిన పిండి ముద్దలు, వేడిగా ఉన్నాయి. జదిరా పాలు కలిపిన టీ అతని గిన్నెలో అడుగున కొంచెం పోసింది. పెద్దవాళ్లకు అలాగే పోస్తారు. అయిపోగానే మళ్లీ కొంచెం, మళ్లీ కొంచెం. నిండా పోశారంటే తాగి లెమ్మని చెప్పినట్టే.

"పేరేది?" అన్నాడు కూర్చోకుండానే.

దౌలెత్‌కు వెంటనే అర్థమైంది. పెచ్చులు లేచిన రంగు మీద కొత్త రంగు నిలవదని, గీకక తప్పలేదని, మళ్లీ రాస్తామని నిదానంగా చెప్పుకొచ్చాడు.

"ఎవరు గీకారు?"

"నేనే మామయ్యా" అంది జదిరా, చేతిలో కెటిల్ వంక చూస్తూ.

ఒతెగెన్ కొడుకు వైపే తిరిగి మాట్లాడాడు. "మీ అమ్మ పేరు మీ ఆవిడ నోట ఇన్నేళ్లలో ఒక్కసారి రాలేదు. ఇప్పుడు పడవ మీద కూడా లేకుండా చేసింది. ఇంకెక్కడ మిగిలింది? సమాధి రాయి మీద. అక్కడికి కూడా గీకుడు కత్తి పట్టుకెళ్లమను."

ఇది అన్యాయం. అత్తమామల పేర్లు కోడలి నోట రాకూడదు. ఆ కట్టుబాటు అతనికి తెలియనిది కాదు. రాబిగా కూడా తన మామ పేరు ఎన్నడూ అనలేదు. ఆయన్ను 'గుర్రాలాయన' అనే అనేది. తెలిసే అన్నాడు.

దౌలెత్ ఓపిక తగ్గింది. "రాస్తామంటున్నాం కదా నాన్నా. పోనీ నువ్వే రాయి. ఆ అక్షరాలు నీవే కదా."

"నేను బ్రష్షు పట్టనన్నాను."

"అయితే జదిరా రాస్తుంది. రొట్టెల కొట్టు బోర్డు తను రాసిందే. నేను రాస్తే చేపలు నవ్వుతాయి."

జదిరా భర్త వంక ఒకసారి చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది. ఒతెగెన్ ఆ చూపు కూడా లెక్కలోకి తీసుకున్నాడు.

"నోటితో అనకూడదు. చేత్తో రాయకూడదని ఎవరూ అనలేదు" అన్నాడు. నిలబడే ఆ కొంచెం టీ తాగి, ఇక చాలన్నట్టు గిన్నె బోర్లించి, రెండో వాయికి ఆగకుండా వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే దౌలెత్ బాగుకిచ్చిన మోటారు తెచ్చుకోవడానికి పట్నం బయల్దేరాడు. పోతూ పోతూ, తను వచ్చేదాకా ఇద్దరూ కాస్త సర్దుకుపోండని ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు.

పడవకు ఏటా రంగు వేసినప్పుడు పేరు ఒతెగెనే రాసేవాడు. రాబిగా డబ్బా పట్టుకుని వెనక నిలబడేది. చివరి అక్షరం దగ్గరికి రాగానే ఆమెకు నోరు దురద పెట్టేది. కుడికి వాలిందనేది. ఏ ఏడూ వాలలేదని అనలేదు. పడవే వాలి ఉందని అతను కసిరేవాడు. మళ్లీ తుడిచి రాసేవాడు. ఆ గొడవంటే అతనికి మహా చిరాకు. ఇప్పుడు ఆ గొడవ పెట్టేవాళ్లు లేరు. ఉన్న ఒక్క పేరునీ గీకి పారేశారు. బకెట్ మీద ఒంటరిగా కూర్చుని అతను దీన్నే నెమరేశాడు.

మర్నాడు సాయంత్రానికి జదిరా పూసిన నీలం రంగు ఆరింది. ఆ తర్వాతి పొద్దున అతను వెళ్లేసరికి పడవ ముక్కుకు రెండు పక్కలా కొత్త అక్షరాలు మెరుస్తున్నాయి. తెల్లటివి, ఒక్కటీ వాలకుండా, ముత్యాల్లా. దగ్గరికి పోయి చదివాడు.

'తెల్లమ్మ.'

మళ్లీ చదివాడు. అవతలి పక్కకు పోయి అక్కడా చదివాడు. అక్కడా అదే ఉంది.

ఎవరీ తెల్లమ్మ? ఊళ్లో ఆ పేరు గల మనిషి లేదు. కానీ జదిరాది సరస్సు అవతలి ఒడ్డు. చిన్నప్పుడే తల్లి పోతే అమ్మమ్మ పెంచింది. ఆ ముసలావిడ పేరే అయి ఉండాలి. అత్త పేరు గీకేసి అమ్మమ్మ పేరు రాసుకుంది. ఇందులోనూ అతనికి అనుమానం రాలేదు.

గీకుడు కత్తి పడవలోనే ఉంది. రంగు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. గీకితే రాలకుండా పాకి, నీలం మీద తెల్లటి చారలు లేచాయి. అతను మరింత గట్టిగా గీకాడు. పోగు చూడలేదు. అస్తరు పోయి చెక్క లేచింది. ఒక పక్క అయ్యాక రెండో పక్క. కోడి కంగారుగా అరుస్తూ రెల్లులోకి పరుగెత్తింది.

వెనక అడుగుల చప్పుడైంది. జదిరా టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మొహంలో రక్తం లేదు.

"మామయ్యా, అది..."

"మీ పుట్టింటి వాళ్ల పేర్లు మీ పుట్టింటి పడవలకి రాసుకో."

పన్నెండేళ్లలో ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అదే. జదిరా పెదవులు కదిలాయి. ఫ్లాస్కును ఇసుకలో జాగ్రత్తగా, ఒరగకుండా పెట్టి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ రోజు ఒతెగెన్ కంచె దాటలేదు. ఇంట్లోనే ఎండు చేప నమిలాడు. తెల్లారాక అక్క బాతిమా వచ్చింది. ఊరి చివర ఉంటుంది. ఎనభై దగ్గరపడినా గొంతు తగ్గలేదు. జదిరా ఇంటికి టీకి ఒక్కదాన్నే పోవడం ఇష్టం లేదని, లేచి రమ్మని, చొక్కా పట్టుకుని మరీ లాక్కుపోయింది. రాననడానికి కారణం చెప్పాలి. కారణం చెప్పడం ఇష్టం లేక వెళ్లాడు.

జదిరా ఇద్దరికీ వంగి దండం పెట్టింది. వెన్న పెట్టింది, బౌర్సాకులు పెట్టింది. బాతిమా గిన్నెలో అడుగున కొంచెం టీ పోసి రెండు చేతులతో అందించింది. తర్వాత ఒతెగెన్ గిన్నె తీసుకుంది. పోసింది. పోస్తూనే ఉంది. టీ అంచుదాకా వచ్చింది. ఒక్క చుక్క ఒలకకుండా తెచ్చి అతని ముందు పెట్టి, కళ్లు దించుకుని కెటిల్ దగ్గరికి పోయి కూర్చుంది.

బాతిమా ఆ గిన్నెను చూసింది. తమ్ముడిని చూసింది. మళ్లీ గిన్నెను చూసింది.

"ఏం చేశావురా?"

"నేనేం చేశాను. అడుగు, అదేం చేసిందో."

"ఈ పిల్లకి నోరు లేదు. చెయ్యి మాట్లాడిందంటే నువ్వేదో పెద్ద ఘనకార్యమే చేసుంటావు. చెప్పు."

ఒతెగెన్ చెప్పాడు. రాబిగా పేరు గీకేసిన సంగతి చెప్పాడు. దాని చోట వాళ్ల అమ్మమ్మ పేరు రాసుకున్న సంగతి చెప్పాడు. తను చేయాల్సింది చేశానన్నాడు.

"ఏం పేరు రాసింది?"

"తెల్లమ్మో ఎవరో."

బాతిమా చేతిలో బౌర్సాకు బల్ల మీద పెట్టింది. జదిరా లేచి పొయ్యిలో కట్టెలు సర్దే నెపంతో అటు తిరిగింది.

"ఒరే తమ్ముడూ" అంది బాతిమా. ఆమె గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. "పెళ్లినాడు ఈ పిల్ల ముసుగేసుకుని ఈ గుమ్మంలో నిలబడింది. చెయ్యి పట్టుకుని తెచ్చింది నేనే. ముసుగు కిందనుంచి దీనికేం కనిపిస్తుంది, కాళ్లూ చేతులూ తప్ప. మీ ఆవిడ బౌర్సాకులు వేయిస్తున్నదల్లా కోడలొచ్చిందని పరుగెత్తుకొచ్చింది. మోచేతుల దాకా పిండి. చేతులు కడుక్కోవే అంటే వింటేనా. ఆ చేతులతోనే పిల్లని పట్టుకుంది. కొత్త బట్టలన్నీ పిండే."

ఒతెగెన్ నిండు గిన్నె వంక చూశాడు.

"అత్త పేరు అనకూడదు. ఏదో ఒకటి పెట్టి అనాలి గదా. తనకి మొదట కనిపించింది అదే. తెల్లమ్మ అంది. నల్లటి మనిషికి తెల్లమ్మ. ఆడవాళ్లమంతా పొట్ట పట్టుకుని నవ్వాం. మీ ఆవిడ మాత్రం నవ్వలేదు, మురిసిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను తెల్లగా ఉన్నానన్నది ఇదొక్కతే అంది."

"నాకెవరూ చెప్పలేదు."

"నీకెవరు చెప్తారు? నువ్వు నీళ్ల మీదుంటావు. ఇంటికొస్తే అందర్నీ నోర్ముయ్యమంటావు. ఆవిడ రోజంతా కంచె దాటొచ్చి ఈ వంటింట్లోనే ఉండేది. ఆయనకు తెలిస్తే చచ్చేదాకా వెక్కిరిస్తాడే, ఈ పేరు ఈ గది దాటించొద్దని దీని దగ్గర ఒట్టేయించుకుంది."

జదిరా వెన్ను కదిలింది. తిరగలేదు.

బాతిమా అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. "చివర్న గుర్తుందా? నువ్వు మంచం పక్కన కూర్చుని పేరు పెట్టి పిలుస్తావు, పిలుస్తావు. ఆవిడ కళ్లు తెరవలేదు. నీ వల్ల కాక బయటికెళ్లి వల ముందేసుకున్నావు. ఈ పిల్ల ఆవిడ చెవి దగ్గర 'తెల్లమ్మా, ఒక్క గుక్క' అనేది. అప్పుడు నోరు తెరిచేది. అట్లా మింగినవే ఆవిడ చివరి పాలు. పడవ మీద ఏం రాయమంటావురా ఇది? దీనికి ఆవిడ పేరు అదే. రాయమన్నావు, రాసింది." కొంచెం ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు చెప్పు. మీ ఆవిడ పేరు చెరిపిందెవరు?"

బయట కోడి అరుస్తోంది. ఒతెగెన్ చేతులు చూసుకున్నాడు. గోళ్ల కింద తెల్లరంగు ఇంకా అలాగే ఉంది. సబ్బుతో రుద్దినా పోలేదు.

నిండు గిన్నెను అతను తాగకుండా వదిలేసి లేస్తాడని బాతిమా అనుకుంది. జదిరా కూడా అలాగే అనుకుని ఉంటుంది. అతను గిన్నె ఎత్తాడు. నోరు కాలేంత వేడిగా ఉంది. ఆపకుండా, చివరి చుక్కదాకా తాగాడు. ఖాళీ గిన్నెను బోర్లించకుండా నిలబెట్టే పెట్టాడు. లేచి కంచె దాటిపోయాడు.

పడవ దగ్గర మొదట గీతలు సరిచేశాడు. చెక్క లేచిన చోటల్లా లప్పం పెట్టి, పలచగా రుద్ది, ఆరాక అస్తరు వేశాడు. దాని మీద నీలం పూశాడు. నీలం గురించి ఈసారి ఏమీ అనలేదు. పొద్దు వాలినా అక్కడే ఉన్నాడు. మర్నాడు పొద్దున టీకి ముందే వెళ్లి తెల్లరంగు డబ్బా మూత తీశాడు. మూడేళ్లు అక్షరం రాయని చెయ్యి. ఎడమ పక్క మొదటి అక్షరం పెట్టేసరికి చెమట పట్టింది. డబ్బా పట్టుకునేవాళ్లు లేక, బ్రష్షు ముంచడానికి ప్రతిసారీ వంగాల్సి వచ్చింది.

ఎప్పుడొచ్చిందో, జదిరా వెనక నిలబడి ఉంది. అతనికి తెలిసింది. తిరగలేదు. చివరి అక్షరం పూర్తిచేసి చెయ్యి దించాడు.

"చివరిది కుడికి వాలింది మామయ్యా" అంది.

ఒతెగెన్ కదలకుండా నిలబడిపోయాడు. సరస్సు మీద నుంచి గాలి వచ్చి రెల్లంతా ఒకవైపుకు ఒరిగింది. కొంతసేపటికి చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. అక్కడ ఒక తెల్ల చార పడింది.

"పడవే వాలి ఉంది" అన్నాడు.

గుడ్డముక్క తీసుకుని ఆ ఒక్క అక్షరం తుడిచాడు. మళ్లీ రాశాడు. ఈసారి ఆమె ఏమీ అనలేదు. అతను డబ్బా ఎత్తుకుని పడవ చుట్టూ నడిచి కుడి పక్కకు వెళ్లాడు. బ్రష్షు పిడి ఆమె వైపు తిప్పి చాచాడు. జదిరా అందుకుంది. అతను డబ్బాను రెండు చేతులతో, ఆమెకు అందేంత ఎత్తున పట్టుకుని నిలబడ్డాడు. ఆమె రాస్తున్నంతసేపూ డబ్బా కదలలేదు. కన్నీళ్లు ఆమె గడ్డం మీదికి జారుతున్నా గీత తిన్నగానే పోయింది.

"వాలలేదు" అన్నాడు, అయిపోయాక.

"మీరు చూడనే లేదు మామయ్యా."

"చూశాను."

ఆ పూట టీ గిన్నెలో అడుగున కొంచెమే ఉంది. అతను తాగి గిన్నె ముందుకు జరిపాడు. ఆమె పోసింది. మళ్లీ జరిపాడు. మళ్లీ పోసింది. ఆ పూటా టీకి వచ్చిన బాతిమా చూసి, ఈ లెక్కన ఆవు పాలు చాలవని గొణిగింది.

దౌలెత్ మోటారు తెచ్చేసరికి పడవ ఒడ్డున, మోకాలి లోతు నీళ్లలో ఉంది. చెక్క ఉబ్బాలని అడుగున రాళ్లేసి సగం ముంచారు. మొదట సందుల్లోంచి నీళ్లు ఊరాయి. నెమ్మదిగా తగ్గాయి. పలకలు ఒకదానికొకటి దగ్గరపడ్డాయి. దౌలెత్ ఎడమ పక్క 'రాబిగా' అని చదివాడు, చుట్టూ తిరిగి కుడి పక్క 'తెల్లమ్మ' అని చదివాడు. భార్య వంక చూశాడు. ఆమె రాళ్లు బయటికి తీస్తోంది.

"నాన్నా, రెండు పేర్లేమిటి? ఏం జరిగిందిక్కడ?"

"పడవకు రెండు పక్కలుంటాయి" అన్నాడు ఒతెగెన్. మోటారు బిగించడానికి వంగాడు. మరలు సరైనవి తేలేదని, పట్నంలో వాళ్లెవరికీ పని రాదని విసుక్కున్నాడు. తర్వాత వంగినవాడు వంగినట్టే అన్నాడు. "దీని గురించి నువ్వు అడగొద్దు. మీ ఆవిణ్ణి అడగొద్దు. నేను మాట్లాడను. ఇవాళ కాదు, ఎప్పటికీ."

ఊళ్లోవాళ్లు అడిగారు. చేపలు కొనేవాళ్లు అడిగారు. మనవలు పెద్దవాళ్లయ్యాక వాళ్లూ అడిగారు. ఒతెగెన్ ఎవరికీ చెప్పలేదు.